రివాల్వర్ తూటాల రీలోడింగ్: నికెల్ పూత కేసుల మూతులు ఇత్తడి కంటే ముందే ఎందుకు చీలుతున్నాయి?

తూనికరాయి:

సభ్యులందరికీ నమస్కారం. .357 మాగ్నమ్ రివాల్వర్ కోసం నేను నాలుగేళ్లుగా కాల్చిన కేసులనే (బుల్లెట్‌నూ పౌడరునూ పట్టి ఉంచే లోహపు గొట్టాలు; బుల్లెట్ కూర్చునే తెరిచిన కొనే మూతి) మళ్లీ వాడుతూ సొంతంగా తూటాలు నింపుకుంటున్నాను. మొదట్లోనే వంద మామూలు ఇత్తడి కేసులనూ, వంద నికెల్ పూత కేసులనూ వేర్వేరు పెట్టెల్లో ఉంచి, ఎన్నో విడత నింపానో ప్రతిసారీ పెట్టె మూత మీద రాసుకుంటూ వచ్చాను. రెండింటికీ ఒకే డైలు (కేసును నొక్కి ఆకారం ఇచ్చే అచ్చులు), ఒకే బుల్లెట్, ఒకే పౌడరు మోతాదు వాడాను. ఆరో విడతలో నికెల్ కేసులు ఏడింటికి మూతి దగ్గర సన్నని నిలువు చీలికలు కనిపించాయి. ఎనిమిదో విడతకు మరో పదకొండు పోయాయి. ఇత్తడి పెట్టెలో ఇప్పటివరకు చీలినవి రెండే.

నికెల్ ఇత్తడి కన్నా గట్టి లోహం కదా, అటువంటి పూత ఉన్న కేసు ఎక్కువ కాలం నిలవాలి గానీ ముందుగా పోవడం ఏమిటన్నదే నా సందేహం. చీలికలన్నీ మూతి అంచు దగ్గర మొదలై, బుల్లెట్ కూర్చునే లోతు దాటకుండా ఆగిపోతున్నాయి. నడుము దగ్గర గానీ, అడుగు దగ్గర గానీ ఒక్క పగులూ లేదు. లోపం పూతలో ఉన్నదా, నా పద్ధతిలో ఉన్నదా అన్నది తెలుసుకోవాలని ఉంది.

పాతఇత్తడి:

మీరు లెక్క రాసి పెట్టుకోవడం చాలా మంచి పని. ఈ విషయం మీద జరిగే వాదనల్లో అందరూ జ్ఞాపకం మీద మాట్లాడతారే తప్ప పెట్టె మూత మీద రాసిన అంకె చూపించేవారు తక్కువ.

ముందుగా ఒక మాట చెప్పాలి. నికెల్ పూత రీలోడింగ్ చేసేవారి కోసం పుట్టినది కాదు. తోలు పటకాల్లో తూటాలను నెలల తరబడి ఉంచితే, తోలును పదును చేయడానికి వాడిన ఆమ్లాలు ఇత్తడిని తిని పచ్చని చిలుము పుట్టించేవి. ఆ చిలుము జిగురులా పట్టుకుంటే తూటా రివాల్వర్ గదిలోకి (తూటా కూర్చునే రంధ్రంలోకి) పూర్తిగా దిగేది కాదు. నడుముకు తూటాలు కట్టుకొని తిరిగే పోలీసులకు అది ప్రాణాపాయం కనుక నికెల్ పూతకు ఆదరణ వచ్చింది. పైగా నున్నగా ఉంటుంది, గదిలోకి సులువుగా దిగుతుంది, కాల్చిన తరువాత సులువుగా బయటికి వస్తుంది. అంటే ఒక్కసారి నమ్మకంగా పేలడం కోసం ఆ పూత వేశారు గానీ, పదిసార్లు సాగదీసి నొక్కడాన్ని తట్టుకోవడం కోసం కాదు. ఆ పనికి అది ఎంత పనికివస్తుందన్నది మనం మన డైల కింద తెలుసుకుంటున్నాము.

మీ చీలికలు మూతి దగ్గరే ఉన్నాయంటే వాటి వెనుక ఉన్నది పేలుడు ఒత్తిడి మాత్రమే అని నేను అనుకోను. .357 మాగ్నమ్‌కు గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు; .38 స్పెషల్‌కు 17,000 పౌండ్లు మాత్రమే. అయినా తేలికపాటి మోతాదులతో నింపే నా .38 నికెల్ కేసులు కూడా చివరికి మూతి దగ్గరే చీలుతున్నాయి. ఒత్తిడి సగానికి తగ్గినా చీలే చోటు మారలేదంటే, ఆ చోట మనం బల్ల మీద చేస్తున్న పని వైపు చూడాలి.

గురిపలక:

దీనికి కారణం హైడ్రోజన్ పెళుసుదనం అని ఎప్పటినుంచో విని ఉన్నాను. విద్యుత్తుతో పూత వేసేటప్పుడు హైడ్రోజన్ లోహంలోకి చొచ్చుకుపోయి ఇత్తడిని పెళుసుగా మారుస్తుందట. అదే నిజమైతే కేసు కొన్న రోజునే చెడిపోయి ఉన్నట్టు లెక్క; మనం ఏ జాగ్రత్త తీసుకున్నా ప్రయోజనం ఉండదు. లోహాల సంగతి తెలిసినవారు దీన్ని తేల్చి చెప్పగలరా?

లోహపరీక్ష:

గురిపలక గారు అడిగినది ముఖ్యమైన ప్రశ్న కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

హైడ్రోజన్ వల్ల వచ్చే పెళుసుదనం ప్రధానంగా బలమైన ఉక్కులను బాధించే జబ్బు. పూత వేసిన ఉక్కు బోల్టులను వెంటనే వేడిచేసి హైడ్రోజన్‌ను వెళ్లగొట్టేది అందుకే. 70 శాతం రాగి, 30 శాతం జింకు కలిసిన కార్ట్రిడ్జ్ ఇత్తడికి ఆ జబ్బు అంతగా సోకదు. కాబట్టి పూత తొట్టిలో ముంచిన మాత్రాన లోపలి ఇత్తడి గాజులా తయారైందన్న మాటను నేను ఒప్పుకోలేను. పెళుసుదనం ఉన్నమాట నిజమే, కానీ అది పూతలోనే ఉన్నది.

విద్యుత్తుతో వేసే నికెల్‌కు నేటికీ ఆధారంగా ఉన్నది 1916లో వచ్చిన వాట్స్ ద్రావణం. అందులో నికెల్ సల్ఫేటు, నికెల్ క్లోరైడు, బోరిక్ ఆమ్లం ఉంటాయి. పూత అద్దంలా మెరవాలంటే అందులో గంధకం ఉన్న మెరుపు పదార్థాలు కలుపుతారు; పంచదారకు బదులుగా వాడే శాకరిన్ కూడా వాటిలో ఒకటి. ఈ పదార్థాలు నికెల్ రేణువులను చాలా చిన్నవిగా చేస్తాయి. దానితో మెరుపూ, గట్టిదనమూ పెరుగుతాయి, కానీ సాగే గుణం బాగా తగ్గుతుంది. మెరుపు నికెల్ కొద్ది శాతం సాగేసరికే తెగిపోతుంది. ఆనీలింగ్ చేసిన (వేడిచేసి మెత్తబరిచిన) కార్ట్రిడ్జ్ ఇత్తడి అయితే 50 శాతానికి పైగా సాగగలదు. మీరు ఒకే కేసులో ఈ రెండింటినీ అతికించి, రెండింటినీ ఒకే కొలతకు సాగదీస్తున్నారు. ఇత్తడికి అది ఒళ్లు విరుచుకోవడం వంటిది. పూతకు అది తన హద్దు.

ఇంకొక సంగతి కూడా ఉంది. నికెల్ బిగువు, అంటే సాగకుండా ఎదిరించే గుణం, ఇత్తడికి దాదాపు రెండింతలు: నికెల్‌కు సుమారు 200 గిగాపాస్కల్స్ అయితే ఇత్తడికి 110 దాకా ఉంటుంది. ఒకే సాగుకు పూత మోయవలసిన బరువు ఇత్తడి కంటే ఎక్కువన్నమాట. ఆ బరువు తట్టుకోలేక పూతలో వెంట్రుకవాసి నెర్రె పుడుతుంది. పూత ఇత్తడిని గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది కనుక నెర్రె కొన అక్కడితో ఆగదు, ఇత్తడి ఉపరితలం మీద గీత గీసినట్టు పనిచేస్తుంది. గుడ్డను చేత్తో చించాలంటే ముందు అంచున చిన్న గాటు పెడతాము కదా, ఇక్కడ ఆ గాటు పూత పెడుతున్నది. తరువాత ప్రతి విడతలోనూ మూతి తెరుచుకున్నప్పుడల్లా, ముడుచుకున్నప్పుడల్లా ఆ గాటు లోతుకు దిగుతుంది. ఇంతలో ఇత్తడి కూడా పదేపదే వంగి గట్టిపడి ఉంటుంది కాబట్టి దాన్ని ఆపే శక్తి తగ్గిపోతుంది.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంటే, ఇంకా చీలని కేసు మూతిని ఒకసారి చూడండి. వరుసగా సన్నని నిలువు గీతలు కనిపిస్తే అవే రేపటి చీలికలు. అవి నిలువుగానే ఎందుకు ఉంటాయంటే, మూతిని వెడల్పు చేసినప్పుడు లాగుడు చుట్టూ తిరిగే దిశలో ఉంటుంది, పగులు దానికి అడ్డంగా వస్తుంది.

తూనికరాయి:

ఎంతో ఓపికగా వివరించారు, ధన్యవాదాలు. భూతద్దంతో చూశాను. పైకి బాగానే ఉన్న నికెల్ కేసుల్లో చాలావాటికి మీరు చెప్పిన గీతలు ఉన్నాయి. అవన్నీ మూతి అంచు నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల లోపలే ఉన్నాయి. అంటే బుల్లెట్ పట్టేలా మూతిని వెడల్పు చేసే పనిముట్టు, ఎక్స్‌పాండర్, గంటలా విప్పే భాగం అదే.

పాతఇత్తడి:

అక్కడే అసలు కీలకం ఉంది. ఒక విడతలో కేసు మూతికి ఎన్ని దెబ్బలు తగులుతాయో లెక్క వేయండి. పేలినప్పుడు గది గోడ దాకా ఉబ్బుతుంది. సైజింగ్ డై దాన్ని అవసరమైన దానికన్నా సన్నగా నొక్కుతుంది. ఎక్స్‌పాండర్ మళ్లీ వెడల్పు చేసి అంచును విప్పుతుంది. బుల్లెట్ దిగేటప్పుడు ఇంకొంచెం సాగుతుంది. చివరికి క్రింప్ ఆ అంచునే లోపలికి మడుస్తుంది. వీటిలో పేలుడు ఒక్కటే మన చేతిలో లేనిది.

మీరు మూతిని ఎంత విప్పుతున్నారో కాలిపర్‌తో కొలిచి చెప్పగలరా? సీసపు బుల్లెట్లు వాడేవారు అంచుకు సీసం గీసుకుపోతుందన్న భయంతో అవసరానికి మించి విప్పడం నేను చాలాసార్లు చూశాను. బుల్లెట్ అడుగు మూతి మీద పడిపోకుండా నిలబడి, నొక్కినప్పుడు నిటారుగా లోపలికి దిగితే చాలు. అంతకన్నా డైని ఒక్క చుట్టు ఎక్కువ బిగించినా అది మీ కేసు ఆయుష్షులోంచి పోయినట్టే.

కేసుల పొడవులు కూడా చూసుకోవాలి. ఈ నిటారు కేసులు రైఫిల్ కేసుల్లా విడత విడతకూ పొడవు పెరగవు, కానీ కొన్ననాటి నుంచే వాటిలో హెచ్చుతగ్గులు ఉంటాయి. డై ఒకే ఎత్తులో ఉంటుంది కనుక పొడవైన కేసు ఎక్కువగా విప్పుకుంటుంది, ఎక్కువగా మడుచుకుంటుంది. మీ దగ్గర ముందు చీలినవి పొడవైనవే అయితే నాకు ఆశ్చర్యం లేదు. ఒక్కసారి అన్నింటినీ ఒకే పొడవుకు ట్రిమ్ చేయండి. ట్రిమ్ చేసిన తరువాత అంచున నికెల్ పొరలు పొట్టులా లేచి ఉంటాయి; లోపలా వెలుపలా అంచును చెక్కే చాంఫర్ పనిముట్టుతో తేలికగా తిప్పి వాటిని తీసేయాలి. లేకపోతే ఆ పొట్టు బుల్లెట్‌ను గీస్తుంది. అయితే అంచు కత్తిలా సన్నబడేదాకా తిప్పకూడదు, సన్నని అంచు ఇంకా త్వరగా చీలుతుంది.

కొత్తచేయి:

నేను ఈ మధ్యనే మొదలుపెట్టాను, తప్పుగా అడిగితే మన్నించండి. రైఫిల్ కేసుల మెడలను మంటతో వేడిచేసి మళ్లీ మెత్తబరుస్తారు కదా. నికెల్ కేసుల మూతులకు అదే పని చేస్తే చీలికలు ఆగవా?

లోహపరీక్ష:

అడగడంలో తప్పేమీ లేదు, కానీ దయచేసి ఆ పని చేయవద్దు. రైఫిల్ కేసు పొడవైనది, మెడకూ అడుగుకూ మధ్య దూరం ఉంటుంది కనుక మెడను వేడిచేసినా అడుగు చల్లగానే ఉంచగలము. .357 మాగ్నమ్ కేసు పొడవు 1.290 అంగుళాలే, .38 స్పెషల్‌ది 1.155 అంగుళాలు. ఇంత పొట్టి కేసు మూతిని ఆనీలింగ్ వేడికి తెచ్చేలోపల అడుగు కూడా మెత్తబడే ప్రమాదం ఉంటుంది. మూతి చీలితే ఒక కేసు పోతుంది; అడుగు మెత్తబడితే ప్రైమర్ (పౌడరును అంటించే అడుగు బిళ్ల) చుట్టూ మంటలాంటి వాయువు మీ ముఖం వైపు రావచ్చు. ఇవి రెండూ పోల్చదగిన నష్టాలు కావు. పైగా నికెల్ వెండి రంగులో ఉండటం వల్ల ఇత్తడిలో కనిపించే వేడి రంగులు ఇందులో ఆ విధంగా కనిపించవు, ఎక్కడిదాకా వేడి పోయిందో కంటికి తెలియదు. ఇంతా చేసి ఇత్తడి మెత్తబడినా, అప్పటికే పూతలో పడిన నెర్రెలు పూడవు.

ఆరుగదులు:

ఇంతవరకు అందరూ నికెల్ దోషాలే చెబుతున్నారు కనుక దాని తరఫున కూడా ఒక మాట చెప్పాలనిపించింది. నేను వేగంగా కాల్చి, వేగంగా ఖాళీ చేసి, మళ్లీ నింపుకునే పోటీల కోసం నికెల్ కేసులనే వాడతాను. మూడు నాలుగు పదుల తూటాలు కాల్చాక రివాల్వర్ గదులు మసితో నిండినప్పుడు ఇత్తడి కేసులు అతుక్కుంటాయి, నికెల్‌వి మాత్రం ఒక్క తోపుతో కింద పడతాయి. ఆ నున్నదనం కోసం నేను రెండు విడతల ఆయుష్షును సంతోషంగా వదులుకుంటాను. తుప్పు పట్టకపోవడం కూడా చిన్న విషయం కాదు. వెండి రంగు కేసుల్లో ఒక రకం మోతాదు, పసుపు రంగు కేసుల్లో మరొక రకం అని విడగొట్టుకుంటే పెట్టెలు తారుమారయ్యే భయం ఉండదు.

శుభ్రం చేసే పద్ధతి గురించి ఎవరూ మాట్లాడలేదు. దయచేసి అమ్మోనియా ఉన్న మెరుగు ద్రవాలు కేసుల దగ్గరికి రానివ్వకండి. 19వ శతాబ్దంలో భారతదేశంలోని బ్రిటిష్ సైన్యం వర్షాకాలంలో తూటాలను ఖాళీగా ఉన్న గుర్రపుశాలల్లో నిల్వచేస్తే, ఎవరూ ముట్టుకోకుండానే కేసులు పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చిన అమ్మోనియా, తేమ, తయారీలో ఇత్తడి లోపల మిగిలిపోయిన బిగువు కలిసి ఆ పని చేశాయని తేలినది 1921లో. నికెల్ పూత నిండుగా ఉన్నంతకాలం ఇత్తడికి ఆ కవచం ఉంటుంది గానీ, లోహపరీక్ష గారు చెప్పిన నెర్రెలు పడ్డాక ద్రవం వాటిలోంచి నేరుగా లోపలికి దిగుతుంది. సరిగ్గా ఎక్కువ బిగువు ఉన్న చోటికే చేరుతుంది.

మొక్కజొన్న కండెల పొడితో టంబ్లర్‌లో (కేసులను తిప్పి శుభ్రం చేసే యంత్రంలో) కొద్దిసేపు తిప్పితే నికెల్ కేసుకు చాలు, అది ఎలాగూ నల్లబడదు. మెరుపు కోసం రాపిడి పదార్థాలు వేసి రాత్రంతా తిప్పినవారి కేసుల్లో అడుగు అంచుల దగ్గర పసుపు రంగు బయటపడటం చూశాను. పూత అక్కడ అరిగిపోయిందన్నమాట.

గురిపలక:

నా దగ్గర ఒక పాత ఉక్కు సైజింగ్ డై ఉంది. దానితో నికెల్ కేసులు నొక్కితే డై పాడవుతుందని కొందరు అంటారు. నిజమేనా?

పాతఇత్తడి:

నిజమే, కానీ నికెల్ నున్నగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. పూత పొరలుగా లేచిన కేసు ఒక్కటి దూరితే, ఆ పొర ఉక్కు గోడకు అతుక్కొని తరువాత వచ్చే ప్రతి కేసు మీదా నిలువు గీత గీస్తుంది. మీ కేసులన్నింటి మీదా ఒకే చోట గీత పడుతూ ఉంటే అదే కారణం. నిటారు కేసులకు టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరం ఉన్న డై వాడితే ఈ బాధ చాలావరకు ఉండదు, నూనె రాయవలసిన పనీ ఉండదు.

కొత్తచేయి:

చీలిక చిన్నదిగా ఉంటే, బుల్లెట్ గట్టిగానే పట్టుకున్నట్టు అనిపిస్తే, ఆ కేసును ఇంకొకసారి వాడవచ్చా?

ఆరుగదులు:

వాడకూడదు. చీలిన మూతి బుల్లెట్‌ను సరిగా పట్టదు. రివాల్వర్‌లో అయితే పక్క తూటా పేలిన అదురుకు బుల్లెట్ ముందుకు జారి సిలిండర్ తిరగకుండా అడ్డుపడవచ్చు. ఆటోమేటిక్ పిస్టల్‌లో అయితే గదిలోకి దూరేటప్పుడు బుల్లెట్ వెనక్కి నొక్కుకుపోతుంది, లోపలి చోటు తగ్గి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. నికెల్ కేసుల్లో ఈ పట్టు విషయంలో నేను ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటాను. నింపిన తూటా మొత్తం పొడవును కొలిచి, ఐదు తూటాలు కాల్చాక ఆరోదాన్ని బయటికి తీసి మళ్లీ కొలుస్తాను. తేడా వస్తే ఆ విడత క్రింప్ సరిపోలేదని అర్థం.

కళ్లకు దొరకని చీలికలను చెవులతో పట్టవచ్చు. ఐదారు కేసులను గుప్పిట్లో పోసుకొని కదిలించండి. మంచివన్నీ గంటల్లా మోగుతాయి. వాటిలో ఒక్కటి పగిలినది ఉన్నా, బీటవారిన కుండను తట్టినట్టు బొంగురు చప్పుడు వస్తుంది. అప్పుడు ఒక్కొక్కదాన్ని బల్ల మీద జారవిడిచి దొంగను పట్టుకోవచ్చు. ఈ పరీక్ష నికెల్ కేసులకు మరింత అవసరం, ఎందుకంటే పూత మెరుపు వల్ల సన్నని గీత ఒక కోణంలో కనబడుతుంది, మరొక కోణంలో మాయమవుతుంది.

లోహపరీక్ష:

దీనికి ఒక మాట కలుపుతాను. మూతి చీలికను పారవేయవలసిన లోపంగా చూస్తే చాలు, భయపడవలసినది కాదు. అడుగుకు కొంచెం పైన చుట్టూ తిరిగే మెరుపు గీత మాత్రం భయపడవలసినది. కేసు అక్కడ లోపల సన్నబడి విడిపోవడానికి సిద్ధమవుతున్నదని అది చెబుతుంది. హ్యాండ్‌గన్ కేసుల్లో అది అరుదు, అయినా ఇత్తడి మీద సులువుగా కనిపించే ఆ గీత నికెల్ మెరుపులో కలిసిపోతుంది. అనుమానం ఉంటే సన్నని తీగ కొనను వంచి లోపలి గోడ మీద పైకి లాగి చూడండి. గుంట ఉంటే కొన అందులో తట్టుకుంటుంది.

తూనికరాయి:

పాతఇత్తడి గారు అడిగిన కొలతలు తీశాను. సైజింగ్ తరువాత నా నికెల్ కేసు మూతి వెలుపలి వ్యాసం 9.45 మిల్లీమీటర్లు. నేను ఎక్స్‌పాండర్‌తో దాన్ని 10.3 దాకా విప్పుతున్నాను. అంటే ప్రతి విడతా మూతి అంచును దాదాపు 9 శాతం సాగదీస్తున్నాను. లోహపరీక్ష గారు మెరుపు నికెల్ కొద్ది శాతానికే తెగుతుందని రాసినది చదివాక ఈ అంకెను చూసుకొని చాలాసేపు కూర్చున్నాను. మొదటి విడతలోనే పూత పగలడం మొదలై ఉంటుంది. చీలిక ఆరో విడతలో నా కంటికి కనిపించింది, అంతే.

డైని వెనక్కి తిప్పుతూ ఒక్కొక్క మెట్టు తగ్గించి చూశాను. 9.9 దగ్గర కూడా బుల్లెట్ నిలబడుతున్నది, సీసం గీసుకోవడం లేదు. చీలిన కేసుల పొడవులు కూడా కొలిచాను. పద్దెనిమిదింటిలో పదమూడు, మిగిలినవాటి సగటు కంటే పొడవైనవి.

లోహపరీక్ష:

9.9 అన్నా అది దాదాపు 5 శాతం సాగు. పూత పగలడం పూర్తిగా ఆగదు, కానీ గాటు లోతు తగ్గుతుంది. అదే కొలత ఇత్తడికి లెక్కలోకి రానిది కనుకే మీ ఇత్తడి పెట్టె ఇన్నాళ్లూ నిలిచింది. ఇప్పటికే గీతలు పడిన కేసుల మీద ఈ మార్పు ఫలితం చూడాలంటే కష్టం. వీలైతే కొత్త నికెల్ కేసులతో ఇంకొక పెట్టె మొదలుపెట్టి, మొదటి విడత నుంచే తక్కువగా విప్పి పోల్చండి.

పాతఇత్తడి:

బుల్లెట్ దించడాన్నీ, క్రింప్ చేయడాన్నీ కూడా రెండు వేర్వేరు మెట్లుగా చేయండి. రెండూ ఒకే తోపులో చేస్తే, బుల్లెట్ ఇంకా కిందికి కదులుతుండగానే అంచు దాని మీద మడుచుకుంటుంది, అది మూతికి మరొక దెబ్బ. బుల్లెట్‌కు క్రింప్ గాడి ఉంటే అంచు ఆ గాడిలోకి వంగితే చాలు, సీసంలోకి దిగబడవలసిన పని లేదు.

తూనికరాయి:

మిగిలిన ఎనభై రెండు నికెల్ కేసులను గుప్పిట్లో పోసి మోగించి చూశాను. మరో మూడు బొంగురుగా పలికాయి. కంటితో చూసినప్పుడు ఆ మూడూ మంచివని పక్కన పెట్టుకున్నవే. వాటిని నలిపి పారవేశాను. తక్కిన డెబ్బై తొమ్మిదింటిని ఒకే పొడవుకు ట్రిమ్ చేసి, తేలికపాటి మోతాదుల పెట్టెలోకి మార్చాను. కొత్త నికెల్ కేసులు యాభై తీసుకున్నాను. వాటి పెట్టె మూత మీద ఈసారి విడత సంఖ్యతో పాటు మూతి విప్పిన కొలతను కూడా రాస్తున్నాను. మొదటి గీత భూతద్దంలో ఎన్నో విడతకు కనిపిస్తుందో ఇక్కడే రాస్తాను.